మూడో హాస్టల్

కారు డిక్కీ మూత పడటం లేదు. మేనమామ మోకాలు ఆనించి నొక్కుతున్నాడు. లోపల ట్రాలీ సూట్‌కేసు, చుట్టి తాడు కట్టిన పరుపు, నీలం బకెట్టు, బకెట్లో మగ్గు, మగ్గులో సబ్బుపెట్టె. వీటన్నిటి మీద ఒక గోనెసంచి. అందులో ఆవకాయ సీసా, కందిపొడి, కారప్పొడి, నెయ్యి, అన్నిటికీ అడుగున మూడు కవర్లలో చుట్టిన ఎండు రొయ్యల పొడి డబ్బా. "రూమంతా వాసనొస్తుందమ్మా, నవ్వుతారు" అంటూ కొడుకు రాత్రి దాన్ని తీసి పక్కన పెట్టాడు. వాడు పడుకున్నాక తల్లి మళ్లీ లోపల పెట్టింది.

2023 ఆగస్టు. కర్లపాలెం సెంటర్లో టీకొట్టు వాళ్లు అప్పుడే పొయ్యి వెలిగించారు. రేపల్లె వైపు నుంచి వచ్చిన లారీ ఒకటి బాపట్ల వైపు దుమ్ము లేపుకుంటూ పోయింది. వెనక సీట్లో మనక్కూడా కాస్త చోటుంది, ఎక్కుదాం. ముందు మేనమామ, పక్కన తండ్రి. వెనక తల్లి, కొడుకు, కిటికీ పక్కన ఇరుక్కుని మనం.

వెళ్లేది గుంటూరు దాటాక, రాజధాని వైపున్న ఒక ప్రైవేటు యూనివర్సిటీకి. దాని పేరు చెప్పను. చెబితే ఆ ఒక్కచోటి గొడవ అనుకుంటారు. ఈ చుట్టుపక్కల అన్ని క్యాంపసుల్లోనూ జరిగేది దాదాపు ఇదే.

బాపట్ల ఊరు దాటుతుండగా తల్లి గొంతు విప్పింది.

"బాపట్ల దాకా కాలేజీ బస్సు వస్తుందంట కదండీ. పొద్దున్నే మనం దించితే..."

"పొద్దున్నే అంటే ఎప్పుడనుకున్నావ్? ఆరింటికి ముందే ఎక్కాలి. సాయంత్రం వచ్చేసరికి ఏడున్నర. వాడు చదివేదెప్పుడు, పడుకునేదెప్పుడు?"

"ఇంటి తిండన్నా తింటాడు కదా."

తండ్రి జవాబివ్వలేదు. మేనమామ అద్దంలోంచి వెనక్కి చూసి, "ఇంట్లో ఉంటే వీడు చదవడులే అక్కా" అన్నాడు. ఆ మాటతో తల్లి కిటికీ వైపు తిరిగింది. కొడుకు చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి గానీ పాట ఆగిపోయి చాలాసేపయింది. అంతా వింటున్నాడు.

ఇంట్లో ఉంటే చదవడు. డెల్టాలో ఈ మాట అనుకోని ఇల్లుండదు. నిజానికి ఈ పిల్లాడు ఇంట్లో ఉండి చదివింది ఏడో తరగతి వరకే. ఎనిమిది నుంచి పది దాకా ఒక రెసిడెన్షియల్ స్కూలు. ఇంటర్ రెండేళ్లు ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టలు. ఇప్పుడు వెళుతున్నది మూడోది. పద్దెనిమిదేళ్లు నిండకముందే బకెట్టు మూడుసార్లు మారింది.

అప్పికట్ల, పొన్నూరు. పొన్నూరులో ఆంజనేయస్వామి గుడి ముందు కారాపి తల్లి కొబ్బరికాయ కొట్టించింది. చెప్పులు వేసుకుంటూ తండ్రి ఫోన్లో యూనివర్సిటీ యాప్ తెరవబోయాడు, ఓటీపీ రాలేదు. ఆ ఓటీపీని గుర్తుపెట్టుకోండి, దానితో ముందుముందు పనుంది. చేబ్రోలు దాటి నారాకోడూరు వచ్చాక కారు గుంటూరు దారి పట్టింది. తెనాలి దారిలో ఇక్కడికి దగ్గర్లోనే వడ్లమూడి. సంగం డెయిరీ ఆ ఊళ్లోనే, విజ్ఞాన్ యూనివర్సిటీ ఆ ఊళ్లోనే. లావు రత్తయ్య పెట్టిన విద్యాసంస్థల్లోంచి ఎదిగిన కాలేజీకి 2008లో డీమ్డ్ హోదా వచ్చింది. అవతల వడ్డేశ్వరంలో 1980లో మొదలైన కోనేరు లక్ష్మయ్య ఇంజినీరింగ్ కాలేజీ 2009లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది. రాజధాని ప్రకటన తర్వాత 2017లో నీరుకొండలో ఎస్సారెమ్, ఐనవోలులో విట్ వచ్చాయి. బాపట్లలో 1981 నుంచీ ఇంజినీరింగ్ కాలేజీ ఉండనే ఉంది. గంట, గంటన్నర ప్రయాణంలో ఇన్ని ఉన్నాయి. ఎవరి ప్రవేశ పరీక్ష వాళ్లది, ఎవరి ఫీజు వాళ్లది, ఎవరి హాస్టల్ బ్లాకులు వాళ్లవి.

గుంటూరు దాటి హైవే ఎక్కాక నాగార్జున యూనివర్సిటీ గేటు దగ్గర తండ్రి మాట తగ్గింది. అది 1976 నాటి ప్రభుత్వ విశ్వవిద్యాలయం, మనం వెళ్లే చోటికీ దానికీ సంబంధం లేదు. కానీ 2015 జులైలో అక్కడి హాస్టల్లో ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థిని ప్రాణం తీసుకున్నప్పుడు టీవీలన్నీ రోజుల తరబడి ర్యాగింగ్ గురించే మాట్లాడాయి. ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది. పిల్లల్ని హాస్టళ్లలో వేయబోయే గుంటూరు జిల్లా తల్లిదండ్రులు ఇప్పటికీ ఆ గేటు ముందు ఒక్క క్షణం మౌనంగానే దాటుతారు. తల్లి చెయ్యి కొడుకు మోకాలి మీద పడింది. వాడు ఇయర్‌ఫోన్ తీసి, "ఏంటమ్మా?" అన్నాడు. "ఏం లేదు నాన్నా" అంది.

*

హాస్టలు ముందు కార్లే కార్లు. ఒక ట్రాక్టరు కూడా. పల్నాడు వైపు నుంచి వచ్చినట్టుంది, ట్రక్కులో నాలుగు కుటుంబాల సామాన్లు ఉన్నాయి. ఎవరి సూట్‌కేసు చూసినా ఒకే నలుపు, ఎవరి బకెట్టు చూసినా ఒకే నీలం. ఒకావిడ తన కొడుకు బకెట్టుకి ఎర్ర రిబ్బను కడుతోంది. తెలివైన పని.

ఫీజు కౌంటరు దగ్గర వరస. నలుగురు ఉండే గది, ముగ్గురు ఉండే గది, ఇద్దరు ఉండే గది. ప్రతిదానికీ ఏసీ ఉన్నది, లేనిది. తండ్రి పై వరస నుంచి కిందికి, కింది నుంచి పైకి రెండుసార్లు చదివి, ముగ్గురుండే నాన్ ఏసీ దగ్గర ఆగాడు. మెస్సుతో కలిపి లక్ష అటూ ఇటూ. కన్వీనర్ కోటాలో సీటొచ్చిన పేదింటి పిల్లలకైతే అప్పట్లో జగనన్న వసతి దీవెన కింద ఏడాదికి 20 వేలు రెండు విడతల్లో తల్లి ఖాతాలో పడేవి. మనవాడు కూర్చున్నది యాజమాన్య సీట్లో, వీడికి ఆ లెక్క లేదు. తండ్రి చొక్కా లోపలి జేబులోంచి డీడీ తీశాడు. అది పొద్దుటి నుంచీ అక్కడే ఉంది. చెమటకి ఒక మూల మెత్తబడింది.

కాగితాల్లో ర్యాగింగ్ వ్యతిరేక హామీపత్రం ఒకటి. యూజీసీ 2009లో నిబంధనలు తెచ్చినప్పటి నుంచి విద్యార్థీ సంతకం పెట్టాలి, తండ్రో తల్లో కూడా పెట్టాలి. రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నాటిదే. మన తండ్రి చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టే మనిషి కాదు, సొసైటీలో అప్పు తీసుకున్నప్పుడు పట్టుకున్న అలవాటు. వెనక నిలబడ్డవాళ్లు గొణుగుతున్నా మూడు పేజీలూ చదివాడు. చదివి, "మావాడు ఎవరినన్నా ఏడిపిస్తే శిక్ష ఏంటో రాశారు. మావాణ్ని ఎవరన్నా ఏడిపిస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో ఎక్కడుంది సార్?" అన్నాడు. గుమస్తా మొహం ఎత్తకుండానే గోడ మీద అతికించిన నంబరు వైపు పెన్నుతో చూపించాడు. తండ్రి దాన్ని ఫోన్లో ఎక్కించుకున్నాడు. అప్పుడు సంతకం.

గది మూడో అంతస్తులో. లిఫ్టు ఉంది, దాని ముందు పరుపుల గుట్టా ఉంది. మెట్లే నయం. తలుపు తీస్తే సున్నం వాసన, మూడు ఇనప మంచాలు, మూడు బీరువాలు, మూడు బల్లలు, ఒక ఫ్యాను. కిటికీ అవతల ఇంకో బ్లాకు గోడ.

ఏ మంచం తీసుకోవాలి? తల్లి కిటికీ పక్కది అంది, గాలొస్తుందని. మేనమామ ఫ్యాను కింద అన్నాడు. పిల్లాడు ఇద్దరి మాటా వినకుండా వంగి మంచాల వెనక గోడ చూస్తున్నాడు. ప్లగ్ పాయింట్లు. గదికి రెండే ఉన్నాయి, రెండోది వదులుగా వేలాడుతోంది. మొదటి ప్లగ్ పక్క మంచం మీద అప్పటికే ఒక తువ్వాలు పరిచి ఉంది. ఎవరో తెల్లవారకముందే వచ్చి రుమాలు వేసి వెళ్లినట్టున్నారు. పిల్లాడు నిట్టూర్చి గోనెసంచిలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు తీశాడు. అయిదు మీటర్ల వైరు. ఇంటర్ హాస్టల్లో నేర్చుకున్న పాఠాల్లో పనికొచ్చింది ఇదొకటి.

తువ్వాలు సొంతదారు కాసేపటికి వచ్చాడు. కదిరి. వాళ్ల నాయన రాత్రి బస్సులో తెచ్చి దించి, పొద్దున బస్సుకే వెళ్లిపోయాడట. "నీది యావూరు?" అన్నాడు. కర్లపాలెం అంటే తెలియలేదు. బాపట్ల అంటే, "సూర్యలంక బీచ్ ఉండేది ఆడేనా?" అన్నాడు. ఈ పరిచయం చాలు, పిల్లలకి ఇంతకన్నా అక్కర్లేదు. తల్లి మాత్రం వాణ్ని మంచం మీద కూర్చోబెట్టి అమ్మానాన్నలు ఏం చేస్తారు, చెల్లెళ్లు ఎంతమంది, పొద్దున ఏం తిన్నావు అని అడుగుతోంది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే బుద్ధిగా అన్నీ చెప్పాడు. మూడోవాడు రెండు రోజుల తర్వాత పట్నా నుంచి వస్తాడు. తెలుగు రాదు. నెల తిరక్కుండా "మామా, ఛార్జర్ ఇవ్వు" అనడం నేర్చుకుంటాడు.

వీడ్కోలు కారిడార్లోనే అయిపోయింది. తండ్రి అయిదొందల నోట్లు రెండు చేతిలో పెట్టి, "ఊరికే ఫోన్లు చెయ్యకు, అవసరమైతే చెయ్యి" అన్నాడు. తల్లి అతని వెనకే నిలబడి చేత్తో ఫోన్ సైగ చేసింది, రోజూ చెయ్యమని. మేనమామ కిందికి దిగి వార్డెన్ని వెతికి పట్టుకుని, "సార్, మావాడు కొంచెం నెమ్మది, చూసుకోండి" అన్నాడు. ఆ రోజు ఆ వార్డెన్‌కి ఈ మాట చెప్పని కుటుంబం లేదు. అందరి పిల్లలూ నెమ్మదే.

*

సాయంత్రం అయిదు. ఇక్కడే అసలు సంగతి.

క్లాసులు ఇంకా మొదలు కాలేదు. కార్లన్నీ వెళ్లిపోయాయి. మొదటి సంవత్సరం పిల్లలు కారిడార్లలో నిలబడి ఉన్నారు. ఎవరూ ఏమీ చెయ్యడం లేదు. కూర్చోమన్నవాళ్లు లేరు, చదవమన్నవాళ్లు లేరు, బెల్లు లేదు. కర్లపాలెం పిల్లాడు మంచం మీద కూర్చుని, లేచి, బీరువా సర్ది, మళ్లీ కూర్చుని, ఫోన్లో టైం చూశాడు. అయిదూ పది.

వీడి ఇంటర్ హాస్టల్లో అయిదుంబావుకి స్టడీ అవర్. తెల్లవారుజామున నాలుగున్నరకి తలుపు మీద కర్ర దెబ్బ. అయిదు నుంచి చదువు, టిఫిను, క్లాసులు, భోజనం, క్లాసులు, స్టడీ, భోజనం, మళ్లీ రాత్రి పదిన్నర దాకా స్టడీ. వారానికో పరీక్ష, మార్కుల ప్రకారం సెక్షన్ మార్పు. ఫోన్ లేదు. ఆదివారం ఆఫీసు నంబరు నుంచి కొద్ది నిమిషాలు, వెనక వరస. రెండేళ్లలో ఒక్క సాయంత్రం కూడా వీడి సొంతం కాదు. ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారింది గానీ ఆ దినచర్యలో నిమిషం మారలేదు.

అలాంటి రెండేళ్ల తర్వాత వీడికిప్పుడు హఠాత్తుగా ఒక సాయంత్రం దొరికింది. ఏం చేసుకోవాలో తెలియడం లేదు. ప్రైవేటు యూనివర్సిటీ హాస్టళ్ల గురించి జనం చెప్పుకునే కథలన్నీ స్వేచ్ఛ ఎక్కువై చెడిపోయిన కథలే. నేను చూసినంతలో మొదటి నెల కనబడేది చెడిపోవడం కాదు, బిత్తరపోవడం. ఈ వయసు పిల్లలు ఇంట్లో అమ్మతో పోట్లాడి, చెరువుగట్టు మీద తిరిగి, తిట్లు తిని మెల్లగా నేర్చుకోవాల్సిన దాన్ని ఇక్కడ ఒక్క సాయంత్రంలో నేర్చుకోమంటున్నాం. కొందరు ఆ ఖాళీని పబ్జీతో నింపుతారు. కొందరు నిద్రతో. ఇద్దరు ముగ్గురు మాత్రం, నిజం చెబుతున్నాను, పుస్తకం తీసి కూర్చుంటారు. ఇంకేం చెయ్యాలో తెలియక.

మనవాడు చివరికి కిందికి దిగాడు. కదిరి పిల్లాడు తోడు. గ్రౌండులో ఎవరో టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడుతున్నారు. ఒకడు అరిచాడు, "బ్రో, ఆడతావా? ఒక మనిషి తక్కువ." వీడు వెనక్కి చూసుకున్నాడు, ఎవరినో అనుకుని.

*

రాత్రి మెస్సు. ఏడున్నర నుంచి తొమ్మిది.

లోపలికి అడుగుపెట్టగానే ముందు చెవులకి తెలుస్తుంది. స్టీలు పళ్లేల చప్పుడు, పైకప్పు రేకులకి తగిలి రెట్టింపవుతోంది. ఐడీ కార్డు స్కాన్ చేసి పళ్లెం తీసుకోవాలి. ఒకవైపు చపాతీల వరస, హిందీ పిల్లలంతా అక్కడే. ఇంకోవైపు అన్నం. ఆవిరి బాయిలర్లలో ఉడికిన అన్నాన్ని పెద్ద గరిటెతో గుట్టగా వేస్తున్న ఆంటీ ఒకామె, పిల్లాడి మొహం చూసి, "కొత్తా బాబూ? ఎక్కువ పెట్టనా?" అంది. పప్పు, దొండకాయ వేపుడు, సాంబారు, పెరుగు. సాంబారు అడుగున ముల్లంగి ముక్కలు కనబడుతున్నాయి, అంత పల్చగా ఉంది.

అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని మనవాడు ఆగాడు. సన్నబియ్యం. ఈ రుచి వాడికి తెలుసు. వాళ్ల నాన్న రెండెకరాల్లో వేసేదీ ఇదే, ఇంట్లో గాదెలో ఉండేదీ ఇదే. సాంబ మసూరి, రైతుల భాషలో బీపీటీ. ఆ అక్షరాలు బాపట్లవి. అక్కడి వరి పరిశోధనా కేంద్రంలో జీఈబీ 24, టీఎన్ 1, మసూరి రకాల్ని కలిపి పుట్టించిన బీపీటీ 5204ని 1986లో విడుదల చేశారు. దక్షిణాదిలో సన్నబియ్యం అంటే చాలా ఇళ్లలో అదే అయి కూర్చుంది. దేశం నలుమూలల పిల్లలూ ఈ మెస్సులో తింటున్నది వీడి ఇంటికి నాలుగడుగుల దూరంలో పుట్టిన విత్తనం. చెబితే కదిరి పిల్లాడు, "అయితే మీవూరి బియ్యమే మాకు పెడతాండారా? సాంబారు యావూరిదో కనుక్కో, వాళ్లని తంతాం" అన్నాడు.

మెస్సు మీద ఫిర్యాదు లేని హాస్టలు భూమ్మీద లేదు. ఉప్మా పెట్టిన సోమవారం సగం మంది క్యాంటీన్లో ఉంటారు. బుధవారం చికెన్ రోజు ఏడున్నరకే వరస మెట్ల దాకా వస్తుంది. ఆ రోజు శాకాహారి మిత్రుడి కార్డుకి గిరాకీ. కొన్నాళ్లకు మెస్ కమిటీ అంటారు, పిల్లల్లోంచి ఇద్దర్ని వేస్తారు, వాళ్లు ఒక వారం కూరగాయలు తూకం వేయించి ఆ తర్వాత చదువుల్లో పడతారు. ఇవి పెద్దగా పట్టించుకోవాల్సినవి కావు. పట్టించుకోవాల్సింది గోనెసంచి అడుగున ఉంది.

మూడో వారంలో, పప్పు కూడా చప్పగా ఉన్న ఒక రాత్రి, మనవాడు ఎండు రొయ్యల పొడి డబ్బా తీశాడు. మూడు కవర్లు విప్పేసరికి గదంతా నిజాంపట్నం రేవైంది. కదిరి పిల్లాడు మంచం మీంచి ఎగిరి లేచాడు. పట్నా పిల్లాడు తలుపు తీసి కారిడార్లోకి పోయాడు. వీడి మొహం ఎర్రబడింది. మూత పెట్టబోతుంటే పక్కగది నుంచి ఒక బొంగురు గొంతు, "ఎవర్రా రొయ్యపొడి తీసింది?" ఒకడు రేపల్లె, ఒకడు చీరాల, ఇంకొకడు మచిలీపట్నం. వేడన్నం గిన్నెలతో వచ్చి నేల మీద కూర్చున్నారు. డబ్బా ఆ రాత్రే సగానికి వచ్చింది. తర్వాత ఇంటికి వెళ్లే ప్రతివాడూ ఒక డబ్బా తేవాలన్న చట్టం మూడో అంతస్తులో అమల్లోకి వచ్చింది. రాసిపెట్టినది కాదు గానీ, యాజమాన్యం గోడకి అతికించిన పద్దెనిమిది నిబంధనల కన్నా బాగా అమలైంది.

*

రాత్రి తొమ్మిదికి బయోమెట్రిక్. వేలు పెట్టకపోతే ఇంటికి మెసేజ్ పోతుంది. బయటికి వెళ్లాలంటే యాప్‌లో ఔటింగ్ అడగాలి, నాన్న ఫోన్‌కి ఓటీపీ, ఆయన చెప్పాక గేటు దగ్గర పచ్చ గుర్తు. సీనియర్లు వెనకటి రోజుల గురించి ఆశగా చెబుతారు. అప్పుడు వార్డెన్ ఫోన్ చేసి అడిగేవాడట, నాన్న నంబరు స్థానంలో మిత్రుడి నంబరు ఇచ్చుకుని గొంతు బొంగురు చేసి మాట్లాడిస్తే సరిపోయేదట. ఓటీపీ వచ్చి ఆ కళ నాశనమైపోయింది.

అమ్మాయిల బ్లాకు గేటు ఇంకా ముందే పడుతుంది. కారణం అడిగితే భద్రత అంటారు. బయట తిరిగే మగపిల్లల వల్లే భద్రత లేకపోతే ముందు మూయాల్సిన గేటు ఏదో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. 2015లో ఢిల్లీ అమ్మాయిలు దీని మీదే పింజ్రా తోడ్ అంటూ రోడ్డెక్కారు. 2022లో కోళికోడ్ మెడికల్ కాలేజీ విద్యార్థినులు రాత్రి తొమ్మిదిన్నర నియమం మీద కేరళ హైకోర్టుకి వెళితే, అమ్మాయిలకే ఎందుకీ కట్టడి అని కోర్టు ప్రశ్నించింది. తర్వాత అక్కడి ప్రభుత్వం ఆడా మగా ఇద్దరికీ ఒకే వేళ పెట్టింది. మన వైపు ఇంకా ఆ గాలి రాలేదు. ఒంగోలు నుంచి వచ్చిన ఒక అమ్మాయి క్యాంటీన్లో అంటుంటే విన్నాను: "మా గేటు ఏడున్నరకి, లైబ్రరీ పదింటికి. నాకు లైబ్రరీ ఎవరి కోసం కట్టారో చెప్పండి."

*

డిసెంబరు. సెమిస్టరు పరీక్షలు దగ్గరపడ్డాయి. 3వ తేదీ ఆదివారం నుంచి ఫోన్లలో ఒకటే మాట, మిచౌంగ్ తుపాను. చెన్నై మునిగిన వీడియోలు. 5వ తేదీ మంగళవారం మధ్యాహ్నం అది బాపట్ల దగ్గర తీరం దాటింది. గంటకి 90 నుంచి 100 కిలోమీటర్ల వేగం, విసురు 110 దాకా.

మనం అప్పుడు మూడో అంతస్తులోనే ఉన్నాం. క్లాసుల్లేవు. కిటికీ రెక్క మూసినా గడియ సందులోంచి నీళ్లు జల్లుగా కొట్టి బల్ల తడిసింది. అవతలి బ్లాకు గోడ కనబడటం లేదు. కరెంటు పోయింది. జనరేటరు కారిడారు లైట్లకే. గొడవపడి దక్కించుకున్న ప్లగ్ పాయింట్లు ఇప్పుడు గోడకి కన్నాలు, అంతే.

తీరం వైపు పిల్లలంతా మెట్ల దగ్గర చేరారు. రేపల్లె, చీరాల, కర్లపాలెం, నిజాంపట్నం. అందరూ ఇంటికి ఫోన్లు కలుపుతున్నారు. ఎవరికీ కలవడం లేదు. ఛార్జి పన్నెండు శాతం, తొమ్మిది శాతం. పట్నా పిల్లాడు గదిలోంచి తన పవర్ బ్యాంకు తెచ్చి మెట్ల మీద పెట్టి, "మామా, పెట్టుకోండి" అన్నాడు. దానికి నాలుగు ఫోన్లు వంతులవారీగా. వీళ్ల తాతల తరం 1977 నవంబరు ఉప్పెన గురించి చెప్పిన కథలు, దివిసీమ శవాల కథలు, ఇప్పటిదాకా వీళ్లకి విసుగు పుట్టించినవే. ఇప్పుడు ఎవడూ ఆ మాట ఎత్తడం లేదు.

సాయంత్రానికి చీరాల పిల్లాడికి ఒక్కడికి కలిసింది. స్పీకరు పెట్టాడు. ఇల్లు బాగానే ఉంది, రేకులు లేచిపోయాయి అంతే. వాడి ఫోన్ నుంచే మనవాడు ప్రయత్నించాడు. ఏడో ఎనిమిదో సారికి తల్లి ఎత్తింది.

"అందరం బాగున్నాం నాన్నా. కొబ్బరిచెట్టు పశువుల పాక మీద పడింది, గొడ్లని ముందే విప్పాం. నువ్వు తిన్నావా?"

"నాన్న ఏడీ?"

"పొలానికి పోయాడు."

"ఈ వానలోనా?"

"కోసి పనల మీద ఉంది కదరా. నీళ్లలో తేలుతుందంట." లైను తెగింది.

కోసిన బీపీటీ. రెండెకరాలు. మనవాడు మెట్ల మీద కూర్చుని వేళ్లతో ఏదో లెక్క వేస్తున్నాడు. ఎకరాకి ముప్ఫయ్యో, ముప్ఫయి రెండో బస్తాలు. రెండో సెమిస్టరు హాస్టలు ఫీజు జనవరిలో కట్టాలి. వీడు ఆ లెక్క తేల్చక ముందే కదిరి పిల్లాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. వాళ్లది అనంతపురం వైపు నేల, వాన కోసం చూసే ఇల్లు. పడిన వాన నష్టం చేస్తుందన్నది వాడికి కొత్త. "మరి ఆ వడ్లు ఏం చేస్తారు?" అన్నాడు. "తీసి కట్ట మీద వెయ్యాలి. తిరగెయ్యాలి. ఆలస్యమైతే మొలకొస్తాయి." "ఎంతమంది కావల్ల?" "ఎంతమంది దొరికితే అంతమంది. కూలీలు దొరకరు ఇప్పుడు, అందరి పొలాలూ మునిగాయి కదా."

బుధవారం వాన తెరిపిచ్చింది. తీరం వైపు పిల్లలంతా ఇంటికి వెళ్లాలి. యాప్ తెరిచి ఔటింగ్ పెట్టారు. యాప్ ఓటీపీ పంపింది. ఎవరికి? కర్లపాలెంలో టవరు లేని తండ్రికి. నిజాంపట్నంలో ఫోన్ తడిసిపోయిన తండ్రికి. ఆఫీసు ముందు నలభై మంది దాకా పోగయ్యారు. గేటు దగ్గర వాచ్‌మన్ బాబాయ్, "పచ్చ గుర్తు రాకుండా వదిలితే నా ఉద్యోగం పోతుంది నాయనా" అంటున్నాడు. అతనిదీ పొన్నూరు దగ్గర పల్లెటూరే, అతనికీ ఇంటి ఫోన్ కలవలేదు.

వార్డెన్ వచ్చాడు. కాసేపు తన ఫోన్లో యాప్‌నే తిప్పి చూశాడు. తర్వాత లోపలికి వెళ్లి, బీరువా పైనుంచి ఒక పాత రిజిస్టరు తెచ్చి దుమ్ము దులిపాడు. యాప్ రాకముందుది. పేరు, రూము నంబరు, వెళ్లే ఊరు, కారణం, సంతకం. బల్ల మీద పరిచి, "వరసగా రండ్రా. ఎవడి ఊరు వాడు రాయండి. సోమవారం ల్యాబ్ ఎగ్జామ్, ఆదివారం రాత్రికి అందరూ ఇక్కడుండాలి" అన్నాడు. మొదటివాడు కారణం గడిలో తుపాను అని రాశాడు. తర్వాతి వాళ్లంతా కింద గీతలు పెట్టుకుంటూ పోయారు.

మనవాడి వెనక కదిరి పిల్లాడు కూడా నిలబడ్డాడు, భుజాన సంచితో. వార్డెన్ పెన్ను ఆపాడు.

"నువ్వెక్కడికిరా? నీది కదిరి కదా?"

"వీళ్ల ఊరికి సార్. వడ్లు తిరగెయ్యల్లంట. మనుషుల్లేరు."

"మీ ఊళ్లో తుపానేం లేదు కదా?"

"లేదు సార్."

"మీ నాన్న ఫోన్ పలుకుతోందా?"

"పలుకుతాంది సార్."

"అయితే నీకు రిజిస్టరు కుదరదు. ఓటీపీ తెప్పించు."

వాడు పక్కకి జరిగి ఫోన్ చెవిన పెట్టుకున్నాడు. బస్సు హారన్ కొడుతోంది. "నాయనా, నేనే. ఓటీపీ వచ్చింటాది సూడు... లేదు, ఇంటికి కాదు, కర్లపాలెం... కాదు నాయనా, కర్ల... క, ర్ల... బాపట్ల కాడ. యాలంటే తర్వాత చెప్తా, ముందు నంబరు చెప్పు."